కడబంతి ఓటు

ఈ నెల నా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాల్లో సగం అమెరికా ప్రైమరీల మీదే, అంటే పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రోజు పెట్టే ఓటు మీదే. ప్రాణహిత పోయి గోదావరిలో కలిసే చోట కూర్చుని న్యూజెర్సీ ఎన్నికల మీద జవాబులు రాస్తావని, జిల్లా పరిషత్ బడిలో నేను పౌరశాస్త్రం చెప్పే రోజుల్లో ఎవరన్నా అంటే నవ్వి ఊరుకునేవాణ్ని. ఇప్పుడు మా వాడకట్టులోనే మూడిళ్ల పిల్లలు అక్కడున్నారు. కానిద్దాం.

ప్రశ్న: నమస్తే గురూజీ. మా పెద్దోడు కాలిఫోర్నియాలో ఉంటాడు, వాళ్లకు 2024లో ప్రైమరీ మార్చిలోనే అయిపోయింది. మా మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు, వాళ్లకు జూన్‌లో. "మా వంతు వచ్చేసరికి అంతా తేలిపోయింది మామా, మా ఓటు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే" అంటున్నాడు. ఒకే పార్టీ, ఒకే అభ్యర్థిని ఎన్నుకోవడం. ముందు వేసినవాడి ఓటుకు ఒక విలువ, వెనక వేసినవాడి ఓటుకు ఒక విలువా?
— అటవీశాఖలో రిటైరైన పాఠకుడు, సిరొంచ

జవాబు: మీరు మా ఊరివాళ్లే కాబట్టి మన నదినే పట్టుకుని చెబుతాను.

2024 పార్లమెంటు ఎన్నికల్లో మన ఓటు ఏప్రిల్ 19న పడింది, మొదటి విడతలోనే. మనది మహారాష్ట్రలోని అహేరి నియోజకవర్గం, నక్సల్ ప్రాంతం గనుక మధ్యాహ్నం మూడింటికే ముగించేశారు. వంతెన అవతల తెలంగాణలోని కాళేశ్వరం వాళ్లు మే 13న వేశారు. ఆ సాయంత్రం నేను అటు మా వియ్యంకుని ఇంటికి పోయాను. ఆయన వేలి మీద సిరా ఇంకా నిగనిగలాడుతోంది, నాదేమో గోరుతో పాటు సగం పైకి జరిగిపోయింది. "మీది పాత ఓటు బావా, బూజు పట్టింది" అని ఎగతాళి చేశాడు. బూజు పట్టినా పట్టకున్నా రెండూ లెక్కకు వచ్చింది జూన్ 4ననే. నలభై ఆరు రోజులు మన మిషన్లు తాళం వెనకున్నాయి. ఏప్రిల్ 19 పొద్దుటి నుంచి జూన్ 1 సాయంత్రం ఆరున్నర దాకా ఎగ్జిట్ పోల్ అన్న మాట టీవీలో ఎత్తడానికి కూడా వీల్లేదు. సిరొంచ ఏం చేసిందో కాళేశ్వరానికి తెలియదు. అందుకే మన దగ్గర ఓటు ముందు పడ్డా వెనక పడ్డా బరువు ఒకటే.

అమెరికా ప్రైమరీలకు ఆ తాళం లేదు. ఏ రాష్ట్రం ఓటు ఆ రాత్రి నుంచే లెక్కపెట్టి చెప్పేస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది. 2024 జనవరి 15న అయోవాలో రిపబ్లికన్లు కాకస్ పెట్టుకున్నారు, అంటే ఊరివాళ్లు ఒకచోట చేరి తమ మాట చెప్పే సభ. ట్రంప్‌కు సగానికి పైగా వచ్చాయి. ఆరో రోజుకల్లా ఫ్లోరిడా గవర్నర్ డిశాంటిస్ తప్పుకున్నాడు. రెండోదైన న్యూహాంప్‌షైర్ అప్పటికింకా ఓటే వేయలేదు! మార్చి 5న పదిహేను రాష్ట్రాలు ఒకేసారి ఓటేశాయి, దాన్ని సూపర్ ట్యూస్‌డే అంటారు. తెల్లారి ట్రంప్‌కు పోటీగా మిగిలిన నిక్కీ హేలీ ఆగిపోయింది. మార్చి 12కల్లా అటు ట్రంప్‌కూ ఇటు బైడెన్‌కూ కావలసినంత మంది డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు, దక్కేశారు. మీ మేనల్లుడి ఓటు జూన్ 4న. లెక్కేస్తే సరిగ్గా పన్నెండు వారాల తర్వాత.

పెళ్లిలో మొదటి బంతివాళ్లు ముక్కలన్నీ ఏరుకుని తిని లేచాక కడబంతి విస్తట్లో చారూ మజ్జిగా పడతాయే, అదీ అతని బాధ. బాధ నిజమే. 2016లో ఇంకా అన్యాయం జరిగింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ డెమొక్రాట్లు జూన్ 7న ఓటేయాల్సి ఉండగా, జూన్ 6 రాత్రే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ డెలిగేట్లను లెక్కగట్టి హిల్లరీ క్లింటన్ అభ్యర్థి అయిపోయిందని ప్రకటించింది. తెల్లారితే ఓటుకు పోవాల్సిన మనిషి పడుకునే ముందు ఫలితం చదువుకుని పడుకున్నాడన్నమాట.

అయితే ముందు కూర్చున్నవాడికీ ఒక నష్టముంది, అది ఎవరూ చెప్పరు. 2020లో సూపర్ ట్యూస్‌డే మార్చి 3న. చాలా రాష్ట్రాల్లో ఫిబ్రవరిలోనే జనం పోస్టులో ఓటు పంపేశారు. తీరా మార్చి 1న బుటిజెజ్, 2న ఎమీ క్లోబుషార్ డెమొక్రాట్ల పోటీ నుంచి తప్పుకున్నారు. వాళ్లకు పడ్డ ఓట్లన్నీ పోస్టాఫీసు దారిలోనే చల్లారిపోయాయి. అంటే మొదటి బంతిలో కూర్చున్నవాడికి వడ్డించీ వడ్డించకముందే విస్తరి లాగేసినట్టయింది.

ఇంకొకటి. పోటీ అయిపోయాక పడే ఓటుకు అభ్యర్థిని మార్చే బలం పోతుంది, మాట చెప్పే బలం మాత్రం ఉంటుంది. నిక్కీ హేలీ మార్చి 6న ఆపేసింది కదా, మే 7న ఇండియానాలో రిపబ్లికన్ ఓటర్లలో నూటికి ఇరవై మందికి పైగా ఆమె పేరు మీదే వేసి వచ్చారు. పోటీలో లేని మనిషికి! ఆ సంఖ్యను ట్రంప్ మనుషులు చదివారో లేదో గానీ, దేశంలోని పేపర్లన్నీ చదివాయి.

ప్రశ్న: సార్, డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. చివర్లో ఓటేసిన రాష్ట్రమే అభ్యర్థిని తేల్చిన సందర్భం నిజంగా ఎప్పుడైనా ఉందా? పరీక్ష కోసం కాదు, మా ఇంట్లో పందెం పడ్డది.
— విద్యార్థిని, ధర్మాబాద్

జవాబు: పందెం ఎంతకో రాయలేదు. ఉందన్న వైపు నువ్వుంటే గెలిచినట్టే తల్లీ, అయితే మీ ఇంట్లోవాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఎందుకో చెబుతాను.

1968 దాకా ప్రైమరీలంటే పెద్దగా లెక్కలేదు. ఆ ఏడు హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ దిగకుండానే షికాగో కన్వెన్షన్‌లో, అంటే పార్టీ మహాసభలో, డెమొక్రాట్ల అభ్యర్థి అయ్యాడు. జూన్ 4న కాలిఫోర్నియా గెలిచిన రాబర్ట్ కెనడీని ఆ రాత్రి దాటగానే లాస్ ఏంజెలెస్ హోటల్లో కాల్చేశారు. ఆయన బతికి ఉంటే జూన్ ఓటు ఏం చేసేదో అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ కన్వెన్షన్ దగ్గర జరిగిన షికాగో రభస తర్వాత పార్టీ నియమాలు మార్చుకుంది. ఆ కొత్త నియమాల కింద మొదటిసారి జరిగిన 1972 పోటీయే నీ పందేనికి అసలు సాక్ష్యం.

అప్పుడు కాలిఫోర్నియా జూన్ 6న ఓటేసింది. మెక్‌గవర్న్, హంఫ్రీ తలపడ్డారు. మెక్‌గవర్న్ కొద్ది తేడాతోనే గెలిచాడు. కానీ ఆ రాష్ట్రంలో అప్పట్లో గెలిచినవాడికే మొత్తం, 271 మంది డెలిగేట్లూ ఆయన సంచిలో పడ్డారు. హంఫ్రీ మనుషులు ఊరుకుంటారా? ఓట్ల నిష్పత్తిలో పంచాలని పేచీ పెట్టారు. పార్టీ కమిటీ ఒకటి వాళ్లకే వత్తాసు పలికింది. చివరికి మయామీ బీచ్ కన్వెన్షన్‌లో ఓటు పెట్టి, ఆ డెలిగేట్లను మళ్లీ మెక్‌గవర్న్‌కే ఇచ్చారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలన్నది ఇలాంటిది చూసే అనుకుంటాను. ఏ తేదీన ఓటేశావన్నది ఎంత ముఖ్యమో, ఓట్లను డెలిగేట్లుగా ఎలా పంచుతారన్నది అంతకంటే ముఖ్యం.

1976లో రిపబ్లికన్ల వంతు. గద్దె మీదున్న ఫోర్డ్‌ను సొంత పార్టీ మనిషి రేగన్ ఎదిరించాడు. జూన్ 8న మూడు పెద్ద రాష్ట్రాలు ఓటేశాయి. కాలిఫోర్నియా రేగన్‌కు పోయింది, ఓహాయో, న్యూజెర్సీ ఫోర్డ్‌ను నిలబెట్టాయి. ఆ తర్వాతా తేలలేదు. ఆగస్టులో కాన్సస్ సిటీ కన్వెన్షన్‌లో 1,187 – 1,070 తేడాతో ఫోర్డ్ బయటపడ్డాడు. ఆ జూన్ ఓట్లు లేకపోతే ఆ లెక్క వేరే.

1984 సంగతి రాయకుండా ఉండలేను. డెమొక్రాట్లలో గ్యారీ హార్ట్, మాండేల్ పోటీ. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రెండూ జూన్ 5నే. కాలిఫోర్నియాలో ఒక సభలో హార్ట్ భార్య తాను అక్కడ తిరుగుతూ కోలా పిల్లను ఎత్తుకున్నానని ముచ్చటగా చెప్పింది. పక్కనున్న హార్ట్ ఉబ్బు ఆపుకోలేక, తనకేమో న్యూజెర్సీలో విషపు చెత్తకుప్ప నమూనాలు పట్టుకునే భాగ్యం దక్కిందన్నట్టు జోకేశాడు. కాలిఫోర్నియా నవ్వింది, న్యూజెర్సీ వినింది. కాలిఫోర్నియా గెలిచాడు, న్యూజెర్సీ ఓడిపోయాడు, నామినేషన్ మాండేల్‌కు పోయింది. జోకు ఒక్కటే ఓడించిందని నేననను. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా తమ్ముని బిడ్డకు ఈ కథ చెబితే మాత్రం, నలభై ఏళ్ల కిందటి మాటకు ఆమెకు ఇప్పుడు కోపమొచ్చింది. పుట్టింది సిరొంచలో, పౌరుషం న్యూజెర్సీది.

2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్ పోటీ జనవరిలో మొదలై జూన్ 3న మోంటానా, సౌత్ డకోటా ఓటేసేదాకా సాగింది. గ్వామ్ అనే చిన్న ద్వీపంలో మే నెలలో డెమొక్రాట్లు ఓటేస్తే ఒబామా ఏడంటే ఏడు ఓట్లతో గెలిచాడు. మన అంకిస సర్పంచ్ ఎన్నిక లాగా! అంతకుముందు ఎన్నో ఏళ్లుగా పెద్దగా ఎవరూ పట్టించుకోని ఇండియానాకు ఆ ఏడాది ఇద్దరూ వారాల తరబడి తిరిగారు.

ఇక మీవాళ్లు పెట్టబోయే పేచీ ఇది. డెమొక్రాట్లు ఇప్పుడు నూటికి పదిహేను ఓట్లు తెచ్చుకున్న ప్రతివాడికీ వాటా ఇస్తారు. వంద మంది డెలిగేట్లున్న రాష్ట్రంలో ఒకరికి 55, ఇంకొకరికి 45 వస్తే గెలిచినవాడికి మిగిలే లాభం పది మందే. మార్చిలో వంద మంది వెనకబడ్డవాడు జూన్‌లో గెలుస్తూ పోయినా ఆ గుంత పూడదు. 2008లో హిల్లరీ చివరి నెలల్లో పెద్ద పెద్ద రాష్ట్రాలే గెలిచింది, అయినా అందుకోలేకపోయింది. కాబట్టి చివరి రాష్ట్రాలు గెలిచేవాణ్ని మార్చడం అరుదు. పోటీ బతికుంటే ఆ గెలుపు ఎంత గట్టిదో వాళ్లు తేలుస్తారు. దీనికి పందెం సగం సగం పంచుకోండి.

ప్రశ్న: వెనకుంటే నష్టమని అన్ని రాష్ట్రాలకూ తెలుసు కదా. మరి అందరూ ముందుకు జరగొచ్చు, లేదా అందరూ ఒకే రోజు పెట్టుకోవచ్చు. ఎందుకు పెట్టుకోరు?
— రైల్వే ఉద్యోగి, బల్లార్షా

జవాబు: మీ స్టేషన్‌కు ఒకే వేళకు ఆరు బండ్లు వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఔటర్‌లో నిలబడతాయి. అక్కడా అదే అయింది.

కాలిఫోర్నియానే చూడండి. 2008లో జూన్ వదిలి ఫిబ్రవరి 5కు జరిగింది. తీరా ఆ రోజు ఇరవైకి పైగా రాష్ట్రాలు ఎక్కి కూర్చున్నాయి, అంత పెద్ద రాష్ట్రమూ గుంపులో గోవిందా. 2012లో, 2016లో మళ్లీ జూన్‌కు పోయింది. 2020, 2024లో మళ్లీ మార్చి. అదే 2008లో ఫ్లోరిడా, మిషిగన్ పార్టీ గీసిన గీత దాటి జనవరిలోనే ఓటు పెట్టుకుంటే, డెమొక్రాటిక్ పార్టీ మొదట వాళ్ల డెలిగేట్లను లెక్కలోంచే తీసేసింది. మే 31న సగం విలువ ఇచ్చింది, ఆగస్టు కన్వెన్షన్‌లో పూర్తిగా ఒప్పుకుంది. తొందరపడి ఎక్కితే టికెట్ చెల్లదన్నట్టు.

న్యూహాంప్‌షైర్ కథ వేరు. దేశంలో మొదటి ప్రైమరీ తమదే ఉండాలని వాళ్లు రాష్ట్ర చట్టమే చేసుకున్నారు. 2024కు డెమొక్రాటిక్ పార్టీ ఆ మొదటి స్థానం సౌత్ కరోలినాకు ఇస్తే, న్యూహాంప్‌షైర్ వినకుండా జనవరి 23ననే పెట్టేసింది. బైడెన్ అక్కడ పేరు కూడా ఇవ్వలేదు. అయినా జనం బ్యాలెట్ మీద చేత్తో ఆయన పేరు రాసి గెలిపించారు!

వెనకే ఆగినవాళ్లకు డెమొక్రాట్లు ఒక బుజ్జగింపు పెట్టారు. ఏప్రిల్, ఆ తర్వాత ఓటు పెట్టుకునే రాష్ట్రాలకు కొంతమంది డెలిగేట్లను అదనంగా ఇస్తారు. రిపబ్లికన్ల దారి ఇంకోటి. మార్చి 15కు ముందు ఓటేసే రాష్ట్రం డెలిగేట్లను ఏదో ఒక మేరకు పంచాలి, ఆ తర్వాత వేసే రాష్ట్రం కావాలంటే గెలిచినవాడికే మొత్తం కట్టబెట్టవచ్చు. ఓపిక పట్టినవాడి చేతికి గరిటె ఇచ్చారన్నమాట. చెప్పేందుకు బాగుంటుంది గానీ, 2024లో గరిటె చేతికి వచ్చేసరికి గిన్నె ఖాళీ.

అందరూ ఒకే రోజు పెట్టుకుంటే డబ్బు, పేరు ముందే ఉన్నవాడు తప్ప ఇంకొకడు నిలబడలేడని నా అభిప్రాయం. 1976లో కార్టర్ అంటే జార్జియా బయట ఎవరికి తెలుసు? అయోవాలో ఇంటింటికీ తిరిగాడు. అక్కడ ఏ అభ్యర్థికీ మాటివ్వని ‘అన్‌కమిటెడ్’ ఓట్లే మొదటి స్థానంలో నిలిచాయి, ఈయన రెండోవాడు. ఆ రెండో స్థానమే ఆయన్ని దేశానికి చూపించింది.

తొందరగా తేల్చుకోవడం మీద నాకున్న కోపం కూడా ఇక్కడే చెబుతాను. 2024లో బైడెన్‌ను పార్టీ మార్చికల్లా ఖాయం చేసుకుంది. జూన్ 4న న్యూజెర్సీ ఓటేసింది. జూన్ 27న టీవీ చర్చలో ఆయన మాట తడబడటం దేశమంతా చూసింది. జులై 21న తప్పుకున్నాడు. ఆగస్టు మొదటివారంలో డెలిగేట్లు ఆన్‌లైన్‌లో ఓటేసి కమలా హారిస్‌ను నిలబెట్టారు. అభ్యర్థిగా ఆమె పేరు మీద ఆ ఏడు ఒక్క రాష్ట్రమూ ప్రైమరీలో ఓటెయ్యలేదు. మొదటి బంతీ కడబంతీ లేచి చేతులు కడుక్కున్నాక కొత్త వంటకం వచ్చింది. మే, జూన్ దాకా ఎవరో ఒకరు గట్టిగా ఎదురు నిలిచి ఉంటే, ఆ తడబాటు ముందే బయటపడేది. చివరి రాష్ట్రాల అవసరం నాకు అక్కడ కనిపిస్తుంది.

ప్రశ్న: గురూజీ, మాది జివతి తాలూకాలో రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే పద్నాలుగు పల్లెల్లో ఒకటి. మాకు ఏప్రిల్ 19న మహారాష్ట్ర ఓటు, మే 13న తెలంగాణ ఓటు వచ్చినయి. మీ లెక్క ప్రకారం మాకు ముందు బంతీ కడబంతీ రెండూ ఉన్నట్టేనా?
— ఒక రైతు

జవాబు: ఒకే మనిషి పేరు రెండు నియోజకవర్గాల జాబితాలో ఉండొద్దని చట్టం. రెండు సర్కార్లూ మీ ఊళ్లో బడి కట్టాయి, రెండు రేషన్ కార్డులూ ఇచ్చాయి, మీ పొలం పట్టా సంగతి మాత్రం ఇంకా నానుతూనే ఉంది. తప్పు మీది ఒక్కరిదే అని అనలేను, చేయమనీ అనలేను. మీరు మొదటిది వేసి వచ్చారన్నంతవరకే నాకు తెలుసు, రెండోదాని సంగతి నాకు తెలియదు.

ప్రశ్న: మా అమ్మాయి కూడా న్యూజెర్సీలనే ఉంటది. జూన్‌ల ఓటుకు పోవాల్నా, డ్యూటీకి పోవాల్నా అని అడిగింది. ఏం చెప్పమంటరు?
— ఒక తల్లి, ఆసరెల్లి

జవాబు: అమ్మా, ముందు ఒకటి అడగండి. పౌరసత్వం వచ్చిందా? గ్రీన్ కార్డు మీదుంటే డ్యూటీకే పొమ్మనండి, ఓటు లేదు.

వచ్చి ఉంటే పొమ్మనండి. ఆ రోజు బ్యాలెట్ మీద అధ్యక్షుడి పేరొక్కటే ఉండదు. 2024 జూన్ 4న న్యూజెర్సీ డెమొక్రాట్లు సెనేట్ అభ్యర్థిని కూడా ఎంచుకున్నారు. అక్కడ చాలా జిల్లాల్లో ఒక పాత అలవాటుండేది. పార్టీ పెద్దలు మెచ్చినవాళ్ల పేర్లన్నీ ఒకే వరుసలో పేర్చి, మిగతావాళ్లను బ్యాలెట్ మూలకు తోసేవాళ్లు. ఆండీ కిమ్ అనే ఎంపీ దాని మీద కోర్టుకెక్కాడు. మార్చి చివర్లో జడ్జి ఆ వరుసను డెమొక్రాట్ల ప్రైమరీకి ఆపేశాడు. జూన్‌లో కిమ్ గెలిచాడు, నవంబర్‌లో సెనేటర్‌గా ఎన్నికయ్యాడు. అధ్యక్షుడి పోటీ ఎప్పుడో ముగిసిన అదే జూన్ ఓటు సెనేట్‌కు మనిషిని పంపింది. ఇంటికి దగ్గరి పదవులకు కూడా ఆ రోజే ఓటు, వాటికి వచ్చే జనం తక్కువ కాబట్టి ఒక్కో ఓటు బరువెక్కువ.

ఆ జూన్ 4 నాకు బాగా గుర్తు. నేను టీవీ ముందు మన గడ్చిరోలి-చిమూర్ ఓట్ల లెక్కింపు రౌండ్లు రాసుకుంటున్నాను. సాయంత్రం చీకటి పడే వేళకు ఎడిసన్ నుంచి మా తమ్ముని బిడ్డ ఫోన్. వాళ్లకు పొద్దున. బూత్ ముందు తనతో కలిపి నలుగురే ఉన్నారట. "మీది ఎన్నో రౌండ్ పెద్దబాపూ?" అంది. చెప్పాను. పది నిమిషాల తర్వాత మళ్లీ చేసి, వేసొచ్చానంది. ఎవరికి అన్నాను.

"అది ఎవ్వరికీ చెప్పొద్దని ఏడో తరగతిల నువ్వే గదా నేర్పినవ్" అని పెట్టేసింది.